పంతులమ్మకు పద్యం రాయొచ్చా, మాస్టారూ?

సెప్టెంబరు 5కు అటూ ఇటూ నాకొచ్చే ఉత్తరాల్లో సగం గురువుల మీద రాసే పద్యాల గురించే ఉంటాయి. ఈసారి బొల్లాపల్లి మండలం నుంచి ఎక్కువ వచ్చాయి. పేర్లు వేయొద్దన్నారు కాబట్టి వేయలేదు.

మా పాప వాళ్ల టీచరమ్మ ఈ బడికొచ్చి వచ్చే వేసవికి ఎనిమిదేళ్లు నిండుతాయి, బదిలీ తప్పదంటున్నారు. గురుపూజోత్సవం నాడు ఆవిడ మీద నాలుగు ముక్కలు రాసి చదవాలనుంది. నేను ఏడో తరగతితో ఆపేశాను. తప్పులుంటే నలుగురూ నవ్వుతారేమోనని కాగితం తీసి మళ్లీ పెట్టేస్తున్నాను.
– ఒక తల్లి, బొల్లాపల్లి

ఆ కాగితం మళ్లీ బయటకు తీయండమ్మా. చేయి వణకడం మామూలే, ఇన్నేళ్లు సభల్లో చదివిన నాకే మైకు ముందు ఇప్పటికీ గొంతు ఎండుతుంది. ఆ టీచరు మీ పాపకు చేసిన ఒక్క పని రాయండి: జ్వరమొస్తే బండి మీద ఇంటి దగ్గర దింపారా, ఊడిన జడ మళ్లీ అల్లి పంపారా, అది చాలు. అక్షర దోషాలు మీ పాప చేత దిద్దించండి, ఆవిడ దగ్గర చదువుకున్న పిల్లే కదా.

మా ఊరి బడి పంతులమ్మ మీద ఆటవెలది రాశాను. రెండో పాదంలో యతి తప్పిందని మా మావయ్య అందరిముందూ అన్నాడు. తప్పున్న పద్యం గురువు చేతికిస్తే పాపమంటారా?
– డిగ్రీ విద్యార్థి, మేళ్లవాగు

పాపం లేదు, గీపం లేదు బాబూ. నీ పద్యం రెండుసార్లు చదివాను, రెండోసారి చదివింది తప్పు వెతకడానికి కాదు. అందరూ చూస్తారని ఇక్కడ వేస్తున్నాను.

వాగు దాటి వచ్చి, వానలో తడిసిన
చీర కొంగు పిండి నవ్వుకొనుచు,
పాప చేయి పట్టి పలకపై దిద్దించి
పేరు రాయ నేర్పి పెంచినారు.

ఆటవెలదిలో ఒకటి, మూడు పాదాలకు మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాలకు అయిదూ సూర్యగణాలే. నీ గణాలన్నీ సరిగ్గా పడ్డాయి, ఒక్కటీ జారలేదు. యతి అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొత్తు. మొదటి పాదంలో ‘వాగు’కు ‘వానలో’ కలిసింది, మూడులో ‘పాప’కు ‘పలకపై’, నాలుగులో ‘పేరు’కు ‘పెంచి’. రెండో పాదంలో ‘చీర’కు ‘నవ్వు’ కలవలేదు, అక్కడ మీ మావయ్య మాట నిజమే. ‘చీర కొంగు పిండి చేరి బడికి’ అంటే చీ, చే కలిసిపోతాయి, ఇక వేలెత్తి చూపడానికి ఏమీ ఉండదు.

కానీ నవ్వు పోయింది. వాన నీళ్లు కారుతున్న కొంగు పిండుకుంటూ ఆవిడ నవ్వడం నువ్వు చూశావు, ‘చేరి బడికి’ అన్నది ఎవరైనా రాస్తారు. పోటీకి పంపితే దిద్దిన పాదం పంపు, పంతులమ్మ చేతికి మాత్రం నవ్వున్నదే ఇవ్వు. తెలుగు పండితుడినై ఉండి ఇలా అంటున్నానని మీ మావయ్యకు చెప్పినా ఫరవాలేదు.

మా హెడ్‌మాస్టరు గారంటే నాకు నిజంగానే గౌరవం. ఆయన మీద కవిత రాస్తే ‘భజన మొదలెట్టాడు’ అంటున్నారు స్నేహితులు. పొగిడితే కాకా పట్టినట్టేనా?
– ఒక యువకుడు, రేమిడిచర్ల

కంగారు పడకండి, గౌరవం ఉన్నవాడికే ఈ అనుమానం వస్తుంది. చిన్న పరీక్ష చెబుతాను. మీ కవితలో ఆయన పేరు కొట్టేసి ఇంకో పేరు పెట్టి చదవండి. అప్పుడు కూడా అతికితే అది భజనే. మన సన్మాన పత్రాలన్నీ ఇలాగే ఉంటాయి, ‘మృదుభాషి, స్నేహశీలి, విద్యాప్రదాత’ అని అద్దాల ఫ్రేములో బంగారు రంగు అక్షరాలు. పేరు మారిస్తే ఆ ఫ్రేము తహసీల్దారుకైనా పనికొస్తుంది.

పల్నాడు వచ్చి ఇక్కడి జొన్నకూడు మింగుడు పడక శ్రీనాథుడు చాటువులు చెప్పాడంటారు. పొగడ్త కాదు సరికదా, అచ్చమైన ఫిర్యాదు. అయినా పల్నాటివాళ్లమే వాటిని ముచ్చటగా చెప్పుకుంటాం, ఎందుకంటే ఆ జొన్నకూడు మన కంచంలోది. మీ కవితలో హెడ్‌మాస్టరు గారి కంచం, చెప్పులు, కోపం ఏదో ఒకటి కనబడాలి. ఆలోచించుకోవాల్సింది ఒక్కచోటే: మీ తమ్ముడి మార్కుల కోసమో, ఇంకేదైనా పని కోసమో ఇప్పుడే రాయాలనిపిస్తే ఆ పని అయ్యాక రాయండి.

మాది తండా. మా పిల్లలకు చదువు చెప్పే మేడమ్ మీద మా గోర్ బోలీలో పాట కట్టాను. దానికి లిపి లేదు కదా, బడిలో చదివితే తక్కువగా చూస్తారేమోనని మా అన్న భయపెడుతున్నాడు.
– ఒక కూలీ, బొల్లాపల్లి మండలం

మీ భయం ఊరికే పుట్టింది కాదు. అయినా పాడండి. లిపి లేకపోతే తెలుగు అక్షరాల్లో రాసుకోండి, చాలామంది అలాగే రాస్తున్నారు. పక్కన తెలుగులో అర్థం రాసిస్తే మేడమ్‌కు రెండూ మిగులుతాయి.

ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం ఎవరి పుట్టినరోజున చేస్తున్నాం? గిడుగు రామమూర్తి గారిది. 1863లో పుట్టిన ఆ పర్లాకిమిడి పంతులు సవర భాష నేర్చుకుని సవర పిల్లలకు వాళ్ల మాటల్లోనే చదువు చెప్పారు. సరిగ్గా వారానికి సెప్టెంబరు 5 వస్తుంది, మీ పాట ఆ రోజు బాగా అమరుతుంది. ఇక తక్కువగా చూడటం అంటారా, మీకు దగ్గరలోని వినుకొండలో 1895లో పుట్టిన జాషువా గారు కులం పేరుతో ఎన్ని అవమానాలు పడ్డారో మీ అన్నకూ తెలిసే ఉంటుంది. ఆయన కూడా కొన్నేళ్లు బడిపంతులే. ఎవరైనా నవ్వితే చరణం ఆపకండి. పిల్లలను మాత్రం ముందు వరుసలో కూర్చోబెట్టుకోండి, మాటలు తెలిసిన గొంతులు నాలుగు తోడుంటాయి.

రిటైరవుతున్న సారుకు పంచరత్నాలు రాయమన్నారు. నాకు మూడే వచ్చాయి. మిగతా రెండు ఎక్కడినుంచి తేవాలి?
– వెల్లటూరు

ఎక్కడినుంచీ తేవద్దు. అయిదైతే పంచరత్నాలు, ఎనిమిదైతే అష్టకం, తొమ్మిదైతే నవరత్నాలు, మూడైతే మూడు పద్యాలు. అచ్చుకిచ్చే ముందు ఇంటిపేరు, పొల్లులు ఆయన ఇంట్లోవాళ్లకు చూపించండి, భయపడాల్సింది అక్కడే. ఒకసారి నేను రాసిన పత్రంలో ఇంటిపేరు తప్పు పడితే సభ అయ్యేదాకా ఆ చోట బంతిపూల దండ వేలాడదీశాం.

కిందటి డీఎస్సీలో ఎంపికయ్యాను, ఇదే నా మొదటి బడి. గురుపూజోత్సవం నాడు నాలుగో తరగతి పిల్లవాడు ఒక కాగితం ఇచ్చాడు. ‘మా టీచర్ బాగా అరుస్తారు, కానీ నాకు తొమ్మిదో ఎక్కం వచ్చేసింది’ అని రాశాడు. రాత్రంతా ఏడ్చాను. నేను చెడ్డ టీచరునా?
– ఒక ఉపాధ్యాయిని

కాదమ్మా. మొదటి ఏడు గొంతు పెరగడం మామూలే, పిల్లలు దాన్ని మనంత మోయరు. వాడు రెండు నిజాలు చెప్పాడు, రెండోది తొమ్మిదో ఎక్కం. నా ముప్పయ్యేళ్ల ఉద్యోగంలో ఇంత నికార్సయిన కితాబు నాకు రాలేదు. రేపు వాణ్ని పిలిచి ఆ ఎక్కం అప్పజెప్పించుకోండి, అరుపు సంగతి మెల్లగా అదే సర్దుకుంటుంది.

పిల్లల రాతల్లో జాగ్రత్తగా చూడాల్సినవి వేరే ఉన్నాయి. ఇంటికెళ్లాలంటే భయమనో, ఎవరో కొడుతున్నారనో, ముట్టుకుంటున్నారనో ఒక్క ముక్క కనబడినా దాన్ని కవితగా చదివి చప్పట్లు కొట్టించొద్దు. పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని వినండి, హెడ్‌మాస్టరుకు చెప్పండి, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

మా వారు టీచరు. పాఠాలకంటే ఫోన్లో హాజరుకూ, ఫోటోలు పంపడానికీ ఎక్కువ అలిసిపోతున్నారు. ధైర్యం చెబుదామని రోజూ రెండు పంక్తుల కవిత రాసి టిఫిన్ డబ్బా మూతకు అంటిస్తున్నాను. మొదట్లో నవ్వేవారు. ఈమధ్య చదవకుండానే చింపేస్తున్నారు, రాత్రిళ్లు నిద్రపోవడం లేదు. నా కవితలు బాగోలేవా?
– ఒక ఇల్లాలు

మీ కవితల్లో లోపం లేదమ్మా, ముందు ఆ బరువు దించేయండి. బాగా అలిసిన మనిషికి ‘మీరు ధీరులు’ అన్న మాట కూడా ఇంకో పని చెప్పినట్టే వినిపిస్తుంది. కొన్నాళ్లు కవిత మాని ‘గోంగూర పచ్చడి కింది గిన్నెలో ఉంది’ అని రాసి అంటించండి, అందులో ఆయన చేయాల్సిందేమీ లేదు.

పరీక్షలప్పుడో, తనిఖీలప్పుడో నాలుగు రోజులు నిద్ర పట్టకపోవడం మామూలే. రెండు వారాలు దాటినా నిద్ర, తిండి, మాట తగ్గిపోతూనే ఉంటే డాక్టరుకు చూపించాలి. ‘నేను లేకపోతేనే నయం’ అన్నమాట ఒక్కసారి వచ్చినా ఆ రోజే కదలండి. మనసు బాగోలేనివాళ్ల కోసం ఉన్న టెలి మానస్ నంబరు 14416, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు. ముందు మీరే చేసి ఎలా ఒప్పించాలో అడగొచ్చు. పద్యాన్ని నమ్ముకుని బతికినవాణ్ని నేను, అయినా ఇక్కడ పద్యం చాలదనే చెబుతున్నాను.

మా లెక్కల సారు మీద కవిత రాసి ఆయన చేతికే ఇచ్చాను. నెలైంది. బాగుందనీ అనలేదు, బాగోలేదనీ అనలేదు. నొచ్చుకున్నారేమోనని వాళ్ల వీధిలోకి వెళ్లడమే మానేశాను.
– పాత విద్యార్థి, గుమ్మనంపాడు

ఆ వీధిలోకి వెళ్లండి, నమస్కారం పెట్టండి, కవిత సంగతి ఎత్తకండి. నొచ్చుకున్న పంతులు ఊరుకోడు, అందులోనూ లెక్కల సారు. ఎప్పుడో ఒక పిల్ల నా మీద నాలుగు పంక్తులు రాసిచ్చింది. ఏమనాలో తోచక హాజరు పట్టీలో పెట్టేసుకున్నాను, ఆ పిల్ల బడి వదిలి వెళ్లేదాకా బాగుందన్న మాట నా నోట రాలేదు. ఆ కాగితం ఇప్పుడు నా కళ్లజోడు పెట్టెలో ఉంది. మడతల దగ్గర చిరిగితే మొన్ననే వెనక టేపు అంటించాను.