రికార్డులో బొమ్మలు బాగా వేసే పిల్లలకు

ప్రతి బైపీసీ సెక్షన్‌లోనూ అలాంటివాళ్లు ఒకరిద్దరు ఉంటారు. ప్రాక్టికల్స్ దగ్గరపడేసరికి సగం క్లాసు రికార్డులు వాళ్లింటికి చేరతాయి. బొద్దింక నోటి భాగాలు, వేరు అడ్డుకోత, మెదడు, అన్నీ వాళ్ల పెన్సిల్ నుంచే రావాలి. ఇంట్లోవాళ్లు మాత్రం ‘బొమ్మలు ఎప్పుడైనా వేసుకోవచ్చు, ముందు నీట్ సంగతి చూడు’ అంటారు. ర్యాంకు వస్తే ఎంబీబీఎస్, రాకపోతే బీఎస్సీ. ఎటు వెళ్లినా డ్రాయింగ్ పుస్తకం అటక ఎక్కుతుంది. ఇది ఆ పిల్లల కోసం, వాళ్ల అమ్మానాన్నల కోసం రాస్తున్న మాట. సైన్సూ బొమ్మా రెండూ వచ్చినవాళ్లే చేయగల ఉద్యోగాలు, ప్రాజెక్టులు ఉన్నాయి. వాటిలోకి వెళ్లే దారి ఇంటర్లోనే మొదలుపెట్టుకోవచ్చు.

2020లో ప్రపంచమంతా చూసిన బొమ్మ ఒకటి గుర్తు చేసుకోండి. బూడిద రంగు బంతి, దాని మీద ఎర్రటి ముళ్ల గుత్తులు. టీవీలో, పేపర్లో, ఆస్పత్రి గోడల మీద అదే. దాన్ని తయారుచేసింది అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీలో మెడికల్ ఇలస్ట్రేటర్లుగా పనిచేసిన అలిస్సా ఎకర్ట్, డాన్ హిగిన్స్. కరోనా వైరస్ అడ్డుకొలత సుమారు 100 నానోమీటర్లు. మన కంటికి కనిపించే కాంతి తరంగదైర్ఘ్యమేమో 400 నుంచి 700 నానోమీటర్ల దాకా ఉంటుంది. అంటే ఆ కణానికి మనం చూడగల రంగంటూ ఏదీ లేదు. ముళ్ల ప్రొటీన్ ఆకారం ఎలా ఉండాలో చెప్పింది సైన్సు. ఆ ముళ్లకే ఎరుపు ఎందుకు వేయాలి, వెలుగు ఎటు నుంచి పడాలి, నీడ ఎంత ముదరాలి అన్నవి చిత్రకారుల నిర్ణయాలు. మనిషి కణాన్ని పట్టుకునేవి ఆ ముళ్లే కాబట్టి కన్ను ముందు వాటి మీదకే వెళ్లేలా చేశారు. చదువు రానివాళ్లకు కూడా ఇది జాగ్రత్తపడాల్సిన విషయమని ఆ ఒక్క బొమ్మతో అర్థమైంది.

అలాంటి పనికి కావాల్సిన ముడిసరుకు మీకూ ఉచితంగానే దొరుకుతుంది. ప్రొటీన్ డేటా బ్యాంక్‌లో రెండు లక్షలకు పైగా అణు నిర్మాణాలు ఉన్నాయి, ఎవరైనా దించుకోవచ్చు. విద్యార్థులు కైమెరాఎక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో వాటిని తెరిచి, బ్లెండర్‌లో రంగులద్ది, వెలుగు పెట్టవచ్చు. వీటికీ డబ్బు కట్టక్కర్లేదు. కంప్యూటర్ లేకపోతే నీటిరంగులు చాలు. డేవిడ్ గుడ్‌సెల్ అనే అమెరికా శాస్త్రవేత్త కణం లోపలి ప్రొటీన్ల రద్దీని నీటిరంగులతోనే వేస్తాడు. ప్రతి అణువునూ దాని అసలు కొలతల నిష్పత్తిలో గీస్తాడు కాబట్టి ఆ బొమ్మలను పరిశోధకులు కూడా నమ్ముతారు.

ఈ విద్య మనకు కొత్తదేమీ కాదు. 18వ శతాబ్దం చివర్లో విశాఖపట్నంలో ఉన్న ప్యాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు ఇక్కడి పాములను, చేపలను బొమ్మలు వేయించి పుస్తకాలుగా తెచ్చాడు. పాముల పుస్తకం 1796లో, విశాఖ చేపల పుస్తకం 1803లో వచ్చాయి. మనం రక్తపింజర అనే పామును ఆయన ‘కాటుక రేకుల పొడ’ అన్న తెలుగు పేరుతోనే నమోదు చేశాడు. ఇప్పుడు ఇంగ్లిషులో ఆ పాముకు ఆయన పేరే ఉంది. అదే కాలంలో సామర్లకోటలో తోట వేసిన విలియం రాక్స్‌బర్గ్ ఈ తీరపు మొక్కలను స్థానిక చిత్రకారుల చేత గీయించాడు. వాటిలోంచి ఏరిన 300 బొమ్మలు 1795 నుంచి మూడు సంపుటాలుగా లండన్‌లో అచ్చయ్యాయి. రేకులను విడదీసి, కేసరాలను లెక్కపెట్టి, కాయను కోసి లోపలి గింజలతో సహా గీసిన ఆ చేతులు మనవాళ్లవి. వాళ్ల పేర్లు మాత్రం చాలావరకు తెలియవు. అందుకే ఈ రంగంలోకి రావాలనుకునే పిల్లలకు నేను ముందే చెబుతాను: ఎవరికి బొమ్మ వేసి ఇచ్చినా, అది మీ కాలేజీ ప్రొఫెసర్ పరిశోధన పత్రానికే అయినా, బొమ్మ కింద మీ పేరు ఉండాలని మొదటే అడగండి. సంకోచపడాల్సిన పని లేదు.

ఇక చేయాల్సిన పని. ఈ ఉద్యోగాలకు సర్టిఫికెట్ల కన్నా చేసి చూపించిన పని ముఖ్యం. అందమైన ప్రకృతి దృశ్యాలు, సినిమా తారల ముఖాలు పోర్ట్‌ఫోలియోలో ఎన్ని ఉన్నా లాభం తక్కువ. గీత తప్పితే శాస్త్రం తప్పే పని, శాస్త్రం తెలియకపోతే గీతే పడని పని ఒక్కటైనా పూర్తి చేసి ఉండాలి. రెండు చెబుతాను, రెండూ పెద్ద ఖర్చు లేనివే.

మొదటిది తంగేడు పువ్వు. దసరాకు, బతుకమ్మకు విరివిగా దొరుకుతుంది. కోసుకొచ్చి, పదునైన బ్లేడుతో విడదీసి, భూతద్దం కింద పెట్టండి. దూరం నుంచి అయిదు పసుపు రేకులు, మధ్యలో నాలుగు కేసరాలు అన్నట్టు ఉంటుంది. దగ్గరకెళితే కేసరాలు పది. పదీ ఒక్కలా ఉండవు. కొన్ని పొడుగ్గా వంగి ఉంటాయి, కొన్ని మధ్యరకం, మూడేమో పుప్పొడి ఇవ్వని వంధ్య కేసరాలు. రక్షక పత్రాలు కూడా ఒకే కొలతలో ఉండవు. పదింటినీ ఒకే అచ్చులో పోసినట్టు గీస్తే బొమ్మ చక్కగానే ఉంటుంది, వృక్షశాస్త్రం తెలిసినవాళ్లు మాత్రం చూసీ చూడగానే పక్కన పెట్టేస్తారు. పక్కన మిల్లీమీటర్ల కొలబద్ద గీత తప్పనిసరి. పూర్తయ్యాక మీ బోటనీ లెక్చరర్‌కో, దగ్గర్లోని యూనివర్సిటీ హెర్బేరియంలో ఉండేవాళ్లకో చూపించండి. వాళ్లు ఎర్ర పెన్నుతో దిద్దిన కాగితాన్ని పారేయకుండా, దిద్దుకున్న బొమ్మ పక్కనే పోర్ట్‌ఫోలియోలో ఉంచండి. ఇంటర్వ్యూ చేసేవాళ్లు చూడాలనుకునేది ఆ మార్పే.

రెండోది కలంకారీ. శ్రీకాళహస్తిలో కళాకారుల పక్కన కాసేపు కూర్చుంటే ఒక విచిత్రం కనిపిస్తుంది. వెదురు పుల్ల చివర గుడ్డ చుట్టి చేసిన కలాన్ని కుండలోని ద్రవంలో ముంచుతారు. ఆ ద్రవం నల్లగా ఉండదు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కలిపి వారాల తరబడి పులియబెట్టిన కసిమి అది. కరక్కాయ, పాలలో నానబెట్టి ఆరేసిన గుడ్డ మీద దాంతో గీత గీయగానే గీత నల్లబడుతుంది. కరక్కాయలోని టానిన్లు ఇనుముతో కలిసి ఆ నలుపు పుట్టిస్తాయి. పాలలోని కొవ్వు గీత పక్కలకు పాకకుండా ఆపుతుంది. ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్లు పూసి, చిరివేరు, మంజిష్ఠ లాంటి వేర్లు వేసిన నీళ్లలో గుడ్డను ఉడికిస్తారు. పటికలోని అల్యూమినియం ఒక చేత్తో నూలు పోగును, ఇంకో చేత్తో రంగు అణువును పట్టుకుంటుంది కాబట్టి పూసిన చోటే ఎరుపు నిలుస్తుంది. ఇంటర్ రెండో సంవత్సరం కెమిస్ట్రీలో సమన్వయ సమ్మేళనాలని మీరు బట్టీపట్టే పాఠం ఇదే.

ఇక్కడ మీ ప్రాజెక్టు ఇదీ: ఒకే గుడ్డను ముక్కలు చేసి, ఒక్కో ముక్కను ఒక్కో నీళ్లతో తయారుచేయండి. బోరు నీళ్లు, కుళాయి నీళ్లు, కాలువ నీళ్లు, వాన నీళ్లు. అన్నింటి మీద ఒకే బొమ్మ, ఒకే కసిమి, ఒకే పటిక పాళ్లు. పీహెచ్ కాగితంతో నీటిని పరీక్షించి రాసుకోండి. ఎండలో పెట్టి వారానికోసారి ఫొటో తీయండి, ప్రతి ఫొటోలోనూ అదే తెల్ల కాగితం పక్కన ఉంచితే రంగుల తేడా నికరంగా తెలుస్తుంది. మూడు నెలలకు మీ చేతిలో ఒక పట్టిక ఉంటుంది, గోడకు తగిలించగల ఒక కలంకారీ వరసా ఉంటుంది. రెండూ ఒకే ప్రయోగం నుంచి వచ్చినవి. డిజైన్ కాలేజీ ఇంటర్వ్యూలో గానీ, టెక్స్‌టైల్ ల్యాబ్‌లో గానీ దీని గురించి అరగంట మాట్లాడగలరు. ముందు చిత్రకళ నేర్చుకున్నవాళ్లు ప్రయోగశాలలోకి వెళ్లినా ఇలాగే జరుగుతుంది. బెంగళూరు సృష్టి డిజైన్ కళాశాల విద్యార్థులు 2009లో ఐజెమ్ అనే అంతర్జాతీయ జీవశాస్త్ర పోటీకి వెళ్లి, తొలకరి మట్టివాసనకు కారణమైన జియోస్మిన్‌ను ఇ.కోలై బాక్టీరియాతో తయారుచేయించే పని ఎత్తుకున్నారు. వాళ్లు బయాలజీ విద్యార్థులు కారు.

సహజ రంగుల మీద మనసుపడితే దారులు దగ్గర్లోనే ఉన్నాయి. వెంకటగిరిలో ప్రగడ కోటయ్య పేరిట ఉన్న చేనేత సాంకేతిక సంస్థలో పదో తరగతి తర్వాతే డిప్లొమా చేయవచ్చు. ఏటికొప్పాకలో అంకుడు కర్ర బొమ్మలకు లక్కతో, మొక్కల రంగులతో మళ్లీ ఊపిరిపోసిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. పిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మకు ప్రమాదం లేని రంగు వేయడం కూడా కెమిస్ట్రీ పనే.

పాతవాటిని కాపాడే పని ఇంకోటి, నా ఉద్దేశంలో మన విద్యార్థులు బొత్తిగా పట్టించుకోని పని ఇదే. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు చిత్రాలు సున్నపు పూత మీద వేసినవి. తేమ చేరితే గోడలోని లవణాలు పైకి వచ్చి, పూతను పొరలు పొరలుగా ఊడగొడతాయి. దాన్ని ఆపాలంటే లవణమేదో తెలియాలి, పాత చిత్రకారుల చెయ్యి ఎలా నడిచిందో కూడా తెలియాలి. పురావస్తు సర్వేక్షణ శాఖకు ఇందుకోసం ప్రత్యేకంగా సైన్స్ విభాగం ఉంది, దాని కేంద్రం డెహ్రాడూన్. లక్నోలోని జాతీయ సంరక్షణ పరిశోధనాశాల శిక్షణ కూడా ఇస్తుంది. నోయిడాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్‌లో కన్జర్వేషన్ ఎంఏ ఉంది, కెమిస్ట్రీతో బీఎస్సీ చేసినవాళ్లు ఆ నోటిఫికేషన్‌లో అర్హతలు తప్పక చూసుకోవాలి. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలోనూ సంరక్షణ ప్రయోగశాల ఉంది. అనుమతి అడిగి ఒకసారి చూసి రండి, ఈ ఉద్యోగం మీకు నప్పుతుందో లేదో అక్కడే తెలిసిపోతుంది.

సైన్స్ మ్యూజియాల సంగతి కొంచెం చెప్పి ముందుకెళతాను. తిరుపతి ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం లాంటివి నడిపే జాతీయ సైన్స్ మ్యూజియాల మండలిలో ఎగ్జిబిషన్ అసిస్టెంట్ పోస్టులకు ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ, ఎడ్యుకేషన్ అసిస్టెంట్ పోస్టులకు సైన్సు డిగ్రీ అడుగుతారు. ఖాళీలు కొద్దిగానే ఉంటాయి, ప్రకటనలు ఏటా రావు. బెంగళూరు సైన్స్ గ్యాలరీ తన ప్రదర్శనలకు వచ్చేవాళ్లతో మాట్లాడటానికి యువతను మీడియేటర్లుగా తీసుకుంటుంది, తొలి అనుభవానికి మంచి చోటు.

లెక్కలు ఇష్టమైన ఎంపీసీ పిల్లలకు విజువల్ ఎఫెక్ట్స్ ఉంది. బాహుబలిలో జలపాతం తెరమీద నీళ్లలాగే జారాలంటే ద్రవాల భౌతికశాస్త్రం తెలిసినవాళ్లు కావాలి. 2014లో వచ్చిన ఇంటర్‌స్టెల్లార్ సినిమాలో కృష్ణబిలం కోసం భౌతికశాస్త్రవేత్త కిప్ థార్న్ సమీకరణాలు ఇచ్చాడు, లండన్ స్టూడియో వాళ్లు వాటిని సాఫ్ట్‌వేర్‌గా రాశారు. ఆ పని మీద 2015లో పరిశోధన పత్రం కూడా వచ్చింది. హైదరాబాద్‌లో స్టూడియోలు చాలా ఉన్నాయి. ఫీజులు దండుకునే యానిమేషన్ ఇన్‌స్టిట్యూట్లూ చాలా ఉన్నాయి. చేరేముందు అక్కడ చదివి బయటికొచ్చినవాళ్లు ఏ సినిమాకు ఏ షాట్ చేశారో అడగండి. చెప్పలేకపోతే ఫీజు కట్టకండి.

తల్లిదండ్రులకు ఒక నిజం దాచకూడదు. ‘సైంటిఫిక్ ఇలస్ట్రేటర్’ అనే బోర్డు తగిలించుకున్న ఉద్యోగాలు మన దేశంలో తక్కువ. ఈ పని పాఠ్యపుస్తక ప్రచురణ సంస్థల్లో, ఆన్‌లైన్ పాఠాల కంపెనీల్లో, ఫార్మా సంస్థల్లో, పరిశోధన పత్రికలకు బొమ్మలు చేసిపెట్టే చిన్న స్టూడియోల్లో వేర్వేరు పేర్లతో ఉంటుంది. మొదటి రెండు మూడేళ్లు ఫ్రీలాన్స్ పనులే ఎక్కువ. పూర్తిస్థాయి మెడికల్ ఇలస్ట్రేషన్ పీజీలు అమెరికా, కెనడాల్లో ఉన్నాయి. జాన్స్ హాప్కిన్స్‌లో ఆ విభాగం 1911 నుంచే నడుస్తోంది, ఫీజులు మాత్రం భారీ. కాబట్టి అప్పు చేసి అటు పరుగెత్తేకన్నా, ఇక్కడ బీఎస్సీ చేస్తూ మంచి పోర్ట్‌ఫోలియో కట్టుకుని, స్కాలర్‌షిప్ దొరికినప్పుడే వెళ్లడం మంచిదని నా సలహా.

డిజైన్ వైపు వెళ్లాలనుకుంటే ఐఐటీ హైదరాబాద్‌తో సహా కొన్ని ఐఐటీల్లో బీడిజైన్ సీట్లు యూసీడ్ అనే ప్రవేశ పరీక్ష ర్యాంకుతో వస్తాయి. ఇంటర్ ఏ గ్రూపైనా రాయవచ్చు, వరసగా రెండేళ్లు మాత్రమే అవకాశం. డ్రాయింగ్ భాగం కూడా ఉంటుంది. బీటెక్, బీడిజైన్ లాంటి డిగ్రీలు చేసినవాళ్లకు ఎండిజైన్ కోసం సీడ్ పరీక్ష ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో జాతీయ డిజైన్ సంస్థ ఎన్ఐడీ ఉంది, దాని డాట్ పరీక్ష ప్రిలిమ్స్, మెయిన్స్‌గా జరుగుతుంది. హైదరాబాద్‌లోని ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ జేఎన్ఏఎఫ్ఏయూలో బీఎఫ్ఏ సీట్లకు వేరే ప్రవేశ పరీక్ష ఉంది. యూసీడ్ జనవరిలో ఉంటుంది, దరఖాస్తులు అంతకు రెండు మూడు నెలల ముందే మొదలై ముగిసిపోతాయి. ఈఏపీసెట్ హడావిడి చూసి దీనికీ వేసవి దాకా టైముందని అనుకునేవాళ్లు ఏటా ఉంటారు. ఇంటర్ రెండో ఏడాదిలో ఉన్నవాళ్లు దసరా సెలవుల్లోపే దరఖాస్తు తేదీలు చూసుకుని, ఆ సెలవుల్లో తంగేడు బొమ్మ పూర్తిచేసి, లెక్చరర్ దిద్దిన కాగితంతో సహా ఫైల్లో పెట్టుకోండి.