గుట్ట ఎక్కుట, దిగుట

గుట్టలు మనకు కొత్త కాదు. మేకల వెంట, సీతాఫలాల కోసం చిన్నప్పటి నుంచి ఎక్కుతూనే ఉన్నాం. అయినా గుట్ట ఎక్కడం కూడా ఒక పాఠమేనని నాకు భువనగిరిలో తెలిసింది.

పోయిన డిసెంబరులో ఒక ఆదివారం సద్ది కట్టుకొని మా తరగతి పిల్లలం భువనగిరి పోయాం. ఈ ఊరు ఇదివరకు నల్లగొండ జిల్లాలో ఉండేది. 2016 నుంచి యాదాద్రి భువనగిరి జిల్లా అయ్యింది. అక్కడ గుట్ట అంతా ఒకటే బండ. 500 అడుగులకు పైగా ఎత్తు. మీద కోట ఉంది. పశ్చిమ చాళుక్య రాజు ఆరవ విక్రమాదిత్యుడు (1076–1126) కట్టించాడని చెబుతారు. ఆయన బిరుదు త్రిభువనమల్లుడు. అందుకే త్రిభువనగిరి, తరువాత భువనగిరి అయ్యింది.

బండ ఇంత నున్నగా ఎందుకుంది?

ఇది గ్రానైటు. మన ప్రాంతపు గ్రానైటు సుమారు 250 కోట్ల ఏళ్ల నాటిది. భూమి లోపల కరిగిన రాయి మెల్లగా చల్లారి ఇట్లా గట్టిపడింది. పైనున్న నేల కోట్ల ఏళ్లలో కొట్టుకుపోయింది. మీది బరువు తగ్గేసరికి బండ ఉబ్బి, పొరలు పొరలుగా పగిలింది. ఎండకు, వానకు ఆ పొరలు ఉల్లిగడ్డ పొట్టు లాగా ఊడిపోతాయి. అందుకే బండ గుండ్రంగా, నున్నగా ఉంటుంది. ఊడడానికి సిద్ధంగా ఉన్న పెచ్చును రాయితో కొడితే డొల్ల చప్పుడు వస్తుంది. దాని మీద కాలు పెట్టరాదు.

నేను చేసిన తప్పు

కోటకు మెట్లున్నాయి. అందరం మెట్ల మీదనే పోతున్నాం. నేను మా దోస్తుతో, "మెట్ల మీద ముసలోళ్లు గూడ ఎక్కుతరు. దమ్ముంటే బండ మీదికెల్లి ఎక్కు" అని పందెం కాసిన. వాడు చకచకా ఇరవై అడుగులు ఎక్కిండు. ఆపైన పట్టు దొరకలేదు. కిందికి చూసి, "అరే, నా కాళ్లు ఆడ్తలేవు రా" అన్నాడు. నా గొంతు ఎండిపోయింది. పి.ఇ.టి. సార్ పరుగెత్తి వచ్చి, "కిందికి చూడకు బిడ్డా, బండ దిక్కు మొఖం పెట్టు" అని చెప్పి, పక్క నుంచి ఎక్కి, వాని పాదాన్ని చేత్తో పట్టి ఒక్కో చోట ఆనించుకుంటూ దించారు. మోకాలు గీసుకుపోయింది, అంతే. పందెం నాదని నేనే సార్‌కు చెప్పిన.

ఎక్కినవాడు ఎందుకు దిగలేకపోయాడు?

ఎక్కేటప్పుడు పట్టు కళ్ల ముందు ఉంటుంది. దిగేటప్పుడు పాదం కళ్లకు దూరం, మన ఒళ్లే అడ్డం వస్తుంది. పైగా కాళ్లు అప్పటికే అలసి ఉంటాయి.

గుర్తుంచుకోవలసినవి

1. దిగగలమని తెలిసిన చోటనే ఎక్కాలి.
2. రెండు చేతులు, రెండు కాళ్లు. వీటిలో మూడు ఎప్పుడూ బండకు ఆని ఉండాలి.
3. నున్నటి వాలు మీద బండను కరుచుకోవద్దు. నిటారుగా నిలబడి బరువు పాదాల మీద వేయాలి. అప్పుడే అరికాలికి, బండకు ఘర్షణ బాగా ఉంటుంది.
4. తడి బండ, పాచి బండ ఎక్కరాదు.
5. ఎండ ముదరకముందే దిగాలి. నీళ్లు సగం దిగేటప్పటికి దాచుకోవాలి.
6. పందెం కాయరాదు.

మీకు తెలుసా?

మన లాగే గురుకులంలో చదివిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఇదే భువనగిరి బండ మీద తాడు కట్టుకొని ఎక్కడం, దిగడం నేర్చుకున్నారు. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. పూర్ణ గిరిజన బిడ్డ, అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. వాళ్లు ఎవరితోనూ పందెం కాసి ఎక్కలేదు. నేర్చుకొని ఎక్కారు, క్షేమంగా దిగి వచ్చారు. దిగి వస్తేనే ఎక్కినట్టు.

ప్రశ్నలు

1. డొల్ల చప్పుడు వచ్చే పెచ్చు మీద కాలు ఎందుకు పెట్టరాదు?
2. దిగడం ఎక్కడం కన్నా ఎందుకు కష్టం?
3. మీ ఊరి గుట్ట ఏ రాయి? సెలవులకు పోయినప్పుడు చూసి వచ్చి చెప్పండి.

– 9వ తరగతి విద్యార్థి