మన చెరువుల తాబేళ్లు – వానిని గుర్తించు విధము

కోవిల్‌పట్టి మొదలు విరుదునగరము వరకును మన కన్నులకు కనబడునది నల్లరేగడి నేల. తమిళమున దీనిని ‘కరిసల్ కాడు’ అందురు. ఏడాది పొడుగునను పారెడి ఏరు ఇచ్చట లేదు. సాత్తూరు ప్రక్కగా పోవు వైప్పారు సైతము పెక్కు నెలలు ఇసుకమేటగనే యుండును. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు కురియు వానలను నిలుపుకొను కణ్మాయిలు, అనగా మన చెరువులే, ఊళ్లకు ఆధారము. ఈ నీటిని నమ్మి బ్రదుకు తాబేళ్లను మనమెల్లరము చూచియే యున్నాము. ఇంట ‘తాబేలు’ అనియు, వీధిలో ‘ఆమై’ అనియు పిలిచి ఊరకుందుము. పేరొక్కటియే కాని జాతులు వేరు. ఆ భేదము తెలియనందువలన కలుగు కీడును మేమొకప్పుడు కన్నులార చూచితిమి.

మేము చిన్న తరగతులలో చదువుకొనునాడు పొలము గట్టున ఒక తాబేలు కనబడినది. పాపము, ఎండలో మాడుచున్నదని జాలిపడి, దానిని మోసికొనిపోయి బావిలో విడిచితిమి. పుణ్యము చేసితిమని సంతోషించితిమి. కొన్ని దినములకు అది చచ్చి తేలినది. అది నీటిప్రాణి కాదు, మెట్టప్రాణి. ఈతరాని దానిని లోతునీట పడవేసినది మా జాలియే. ఆ తప్పు మన బాలబాలికలు చేయకుండుటకే ఈ పాఠము.

ముందుగా ఒక సంగతి తెలిసికొనవలెను. తాబేటి చిప్ప నత్తగుల్లవంటిది కాదు. తాబేటి వెన్నెముకయు, ప్రక్కటెముకలును కలిసియే పైచిప్ప యైనవి. కావున ఏ తాబేలును తన చిప్పను విడిచి బయటికి రాజాలదు. జాతిని గుర్తించుటకు మూడింటిని చూచిన చాలును: చిప్ప, కాళ్లు, ముఖము.

మొదటిది తోలుచిప్ప తాబేలు. దీని వీపున పలకలు లేవు. చిప్పమీద నునుపైన తోలు కప్పియుండును. ముక్కు చిన్న గొట్టమువలె ముందునకు సాగియుండును. నీటిపైకి ఆ కొనను మాత్రమే యెత్తి గాలి పీల్చుకొనును. వ్రేళ్ల నడుమ బాతుకాలికున్నట్లు పొర కలదు. ఒక్కొక్క కాలికి మూడేసి గోళ్లు. అడుగుచిప్ప వెనుకభాగమున రెండు తోలురెప్పలుండును. కాళ్లు లోనికి ముడిచికొనగానే ఆ రెప్పలు వానిని కప్పివేయును. చెరువు ఎండినప్పుడు ఇది బురదలో దాగి వానకై వేచియుండును. పూడిక తీయునప్పుడు బయటపడినచో చచ్చినదని విసరివేయరాదు.

రెండవది నల్లతాబేలు. దీని చిప్ప గట్టిది. పలకలు స్పష్టముగా తెలియును. వీపున తలనుండి తోకవైపునకు మూడు గట్లు సాగియుండును. శాస్త్రజ్ఞులు దీనికిడిన ‘ట్రైజుగా’ అను పేరిలో ఆ మూడు గట్ల సూచనయే కలదు. రంగు ముదురు గోధుమ, లేదా నలుపు. దీని వ్రేళ్ల నడుమను పొర యున్నది గాని, ముక్కు గొట్టమువలె నుండదు. ఇదియు చెరువులను, కుంటలను ఆశ్రయించునదే.

మూడవది నక్షత్ర తాబేలు. మేము బావిలో వేసినది ఇదియే. దీని వీపు గుమ్మటమువలె ఎత్తుగా నుండును. ఒక్కొక్క నల్లని పలక నడుమనుండి పసుపుపచ్చని గీతలు చుక్క కిరణములవలె నలువైపులకు పరచుకొనును. కాళ్లు ఏనుగు కాళ్లవలె గుండ్రముగా, మొద్దుగా నుండును. వ్రేళ్ల నడుమ పొర ఏ మాత్రము లేదు. గడ్డి, ఆకులు, పండ్లు దీని ఆహారము. శ్రీకాకుళం జిల్లాలోని శ్రీకూర్మక్షేత్రమున భక్తిశ్రద్ధలతో పోషించుచున్నది ఈ జాతినే. పాలకడలిలో మందరగిరిని మోసిన కూర్మావతారమునకు గుర్తుగా నిలిచినది నీరెరుగని మెట్టతాబేలగుట వింతయే కదా!

ఇటీవల నగరములలో గాజుతొట్లలో పెంచుటకు అమ్ముచున్న తాబేలు మరియొకటి కలదు. కంటి వెనుక ఎర్రని చార దీని గుర్తు. దీని పుట్టినిల్లు అమెరికాలోని మిసిసిపీ నదీప్రాంతము. పెరిగి పెద్దదైన పిమ్మట విసిగి, దీనిని చెరువులో విడుచువారున్నారు. అట్లు విడిచినచో మన తాబేళ్ల తిండికిని తావునకును ఇది పోటీయగును.

తాబేలు కనబడినప్పుడు చేయవలసినదేమి? వెల్లకిల త్రిప్పి ఆటలాడరాదు. ఇంటికి తేరాదు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము మన తాబేళ్లను పట్టుటను, అమ్ముటను నిషేధించినది. నక్షత్ర తాబేళ్ల అంతర్జాతీయ వ్యాపారమును 2019లో జెనీవాలో జరిగిన సమావేశమున ప్రపంచదేశములును నిషేధించినవి. బాటనడుమ నున్నచో, అది పోవుచున్న వైపునకే మెల్లగా దాటించి విడువవలెను. అపాయమున చిక్కినచో పెద్దలద్వారా అటవీశాఖకు తెలుపవలెను.

అన్నిటికంటె ముందు కాళ్లను చూడుడు. పొరయున్న కాలు నీటిని కోరును. ఏనుగుకాలు నేలను కోరును. ఈ ఒక్క గుర్తు ఆనాడు మాకు తెలిసియున్నచో ఒక ప్రాణము నిలిచెడిది. జాలి మంచిదే, కాని ఎవరియెడల జాలి చూపుచున్నామో వారినెరిగి చూపిన జాలియే మేలు చేయును.