గోమారి కాటు తరువాత బిడ్డకు జ్వరం వస్తే

పశువులను, కుక్కలను పట్టుకొని రక్తం పీల్చే గోమారులను కొన్ని ప్రాంతాలలో పిడుదులు అంటారు. తమిళంలో వీటి పేరు ‘ఉణ్ణి’, కన్నడంలో ‘ఉణ్ణె’. స్థానిక వైద్యునితో మాట్లాడేటప్పుడు ఈ పేర్లు ఉపకరిస్తాయి.

ప్రతి గోమారి కాటూ వ్యాధికి దారితీయదు. అయితే వ్యాధి సోకినప్పుడు అది తొలి రోజులలో సాధారణ జ్వరం వలెనే ఉంటుంది. కాటు సంగతి తెలియని వైద్యుడు దానిని డెంగీగానో టైఫాయిడ్‌గానో భావించే అవకాశం ఉంది.

తొలగించే విధానం

సన్నని మొన గల పట్టకారుతో గోమారిని చర్మానికి ఆనుకొని పట్టుకొని, మెలితిప్పక, నిదానంగా నిటారుగా లాగాలి. కిరోసిన్ పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం, వేళ్లతో నలపడం తగదు. పిమ్మట కాటు స్థలాన్ని, చేతులను సబ్బుతో కడిగి, ఆ తేదీని వ్రాసి ఉంచుకోవాలి. జ్వరం లేని బిడ్డకు ముందుజాగ్రత్త పేరుతో సొంతంగా యాంటీబయాటిక్ ఇవ్వరాదు. మూడు వారాల పాటు గమనిస్తే చాలు.

గుర్తుంచుకోదగిన రెండు జ్వరాలు

మొదటిది రికెట్సియా అనే సూక్ష్మజీవి వలన కలిగే మచ్చల జ్వరం. కుక్కల గోమారుల ద్వారా ఇది ఇంటి వద్దనే సోకవచ్చు. జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులతో మొదలై, కొద్ది రోజులకు అరచేతులలో, అరికాళ్లలో సైతం దద్దుర్లు కనిపించవచ్చు. దీనికి ప్రధాన ఔషధం డాక్సీసైక్లిన్. చిన్నపిల్లల పళ్లు రంగు మారుతాయన్న భయంతో ఈ మందును నిరాకరించరాదు. ఈ జ్వరానికి కొద్ది రోజులు మాత్రమే ఇచ్చే మోతాదు వలన అటువంటి హాని కనబడలేదు. మొదటి వారంలో రక్తపరీక్ష తరచుగా వ్యాధిని చూపదు. అందువలన అనుమానం బలంగా ఉంటే, ఫలితం కొరకు వేచి ఉండకుండానే వైద్యులు చికిత్స ప్రారంభిస్తారు. ఆ అనుమానానికి ఆధారం తల్లిదండ్రులు చెప్పే మాటే.

రెండవది 1957లో కర్ణాటకలోని శివమొగ్గ జిల్లాలో గుర్తించిన క్యాసనూరు అడవి జ్వరం. కన్నడిగులు దీనిని ‘మంగన కాయిలె’ అంటారు. ఇది వైరస్ వలన కలుగుతుంది కనుక యాంటీబయాటిక్‌లు పనిచేయవు. ఆసుపత్రి పర్యవేక్షణ అవసరం. రక్తస్రావం జరిగే ప్రమాదం ఉన్నందున ఆస్పిరిన్ ఇవ్వరాదు. డిసెంబరు నుండి మే వరకు మలెనాడు అడవులకు వెళ్లివచ్చిన బిడ్డకు జ్వరం వస్తే ఆ ప్రయాణాన్ని తప్పక తెలపాలి.

వైద్యునికి చెప్పవలసినవి

కాటు ఏనాడు కనిపించింది, శరీరంలో ఎక్కడ, జ్వరం ఎప్పుడు మొదలైంది, ఇంట్లో కుక్క లేదా పశువులు ఉన్నాయా, ఇటీవల ఏ ఊరికి వెళ్లివచ్చారు, అప్పటికే ఏ మందులు వాడారు: ఈ వివరాలను అడగకపోయినా చెప్పాలి.

బిడ్డ మగతగా ఉన్నా, మూర్ఛ వచ్చినా, ఆయాసపడినా, మూత్రం తగ్గినా, ముక్కు లేదా చిగుళ్ల నుండి రక్తం వచ్చినా మందుల దుకాణంతో కాలయాపన చేయక, 108 వాహనాన్ని పిలిచి పెద్ద ఆసుపత్రికి చేర్చాలి.