'కరవలేదు కదండీ' అంటే సరిపోతుందా?

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ తలుపు తెరుచుకోగానే మూడో అంతస్తు వాళ్ల లాబ్రడార్ మా అమ్మ మీదికి దూకింది. గొలుసు లేదు. అమ్మ పడిపోయి మణికట్టు ఎముక విరిగింది, చేతి మీద గోళ్లు గీరుకున్నాయి. 'కరవలేదు కదండీ, ఆడుకోబోయింది' అంటున్నారు. వైద్యం ఖర్చు అడగొచ్చా?
– ఓ పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: ముందు ఆ గోటి గీతల సంగతి. రేబిస్ టీకా వేయించారా? లేకపోతే ఇవాళే ఆస్పత్రికి వెళ్లండి. రక్తం వచ్చి ఉంటే టీకాతోపాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా కావాలి. వాళ్ల కుక్క టీకాల కార్డు చూపించారని మాత్రం డాక్టరు దగ్గరికి వెళ్లడం మానకండి.

ఇక కరవలేదన్న వాదన. భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్‌లో కాటు ఊసే లేదు. తన దగ్గరున్న జంతువు వల్ల మనుషుల ప్రాణానికి ముప్పు గానీ, తీవ్ర గాయం గానీ కలగకుండా తగిన జాగ్రత్త తీసుకోకపోవడమే అక్కడ నేరం. ఆరు నెలల వరకు జైలు, లేదా రూ.5,000 వరకు జరిమానా, లేదా రెండూ. ఎముక విరిగితే చట్టం లెక్కలో అది తీవ్ర గాయమే. 'ఆడుకోబోయింది' అన్నది కుక్కకు మంచి సర్టిఫికెట్టేమో గానీ యజమానికి కాదు.

అయితే పోలీసు కేసు పెట్టినంత మాత్రాన ఆస్పత్రి బిల్లు చేతికి రాదు. జరిమానాలోంచి బాధితులకు ఇప్పించే అధికారం కోర్టుకు ఉన్నా, ఆ అయిదు వేలు ఏ మూలకు? పూర్తి పరిహారం కావాలంటే నిర్లక్ష్యాన్ని రుజువు చేస్తూ సివిల్ దావా వేయాలి. అందుకు సీసీటీవీ దృశ్యం ప్రాణం. చాలాచోట్ల పాత రికార్డింగు చెరిగిపోయి దాని మీదే కొత్తది పడుతుంటుంది, కాబట్టి కాపీ వెంటనే రాతపూర్వకంగా అడగండి. ఎక్స్‌రే, బిల్లులు దాచి, ముందుగా లాయరు నోటీసు పంపించండి. చాలా తగాదాలు అక్కడే రాజీకొస్తాయి.

కోపంలో కుక్కనే వెళ్లగొట్టాలని అసోసియేషన్ చేత తీర్మానం చేయించకండి. పెంపుడు కుక్కల మీద నిషేధం కుదరదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే చెప్పింది. గొలుసు పట్టుకుని తిప్పమని మాత్రం గట్టిగా అడగొచ్చు.

ప్రశ్న: మా కుక్క ఇంటికొచ్చిన అతిథిని కరిచింది. ఇదే మొదటిసారి. అయినా బాధ్యత మాదేనా?
– ఫ్రీమాంట్, కాలిఫోర్నియా

జవాబు: మీదే. కాలిఫోర్నియా సివిల్ కోడ్ 3342 ప్రకారం, కుక్క ఇదివరకు ఎవరినైనా కరిచిందా లేదా అన్నదాంతో పని లేదు. మీరు పిలిస్తే వచ్చినవారికీ అది వర్తిస్తుంది. ఇంటి ఇన్సూరెన్స్ వాళ్లకు వెంటనే చెప్పండి. కొన్ని పాలసీలు కొన్ని జాతుల కుక్కలకు వర్తించవు, కాగితాలు ఓసారి చదువుకోండి.