నౌపడ దారిలో మూడు భాషలు

శ్రీకాకుళము జిల్లాలో సముద్రమునకు చేరువగా నౌపడ యను గ్రామము కలదు. అచ్చటి ఉప్పుమళ్లు పేరు గన్నవి. హౌరా నుండి చెన్నైకి పోవు రైలుమార్గమున నిది యొక కూడలి. ఇచ్చటినుండి పర్లాకిమిడికి 1900లో చిన్నరైలు నడువసాగెను. పిమ్మట గుణుపురము వరకు సాగిన ఆ మార్గము 2011 నాటికి పెద్దరైలు మార్గముగా మారినది.

తీరమునుండి కొండలవైపు పోవు ఈ దారిలో మూడు భాషలు వినబడును: తెలుగు, ఒడియా, సవర. ఇవి ఇరుగుపొరుగువే గాని యొక తల్లి బిడ్డలు కావు. తెలుగులోని 'కన్ను' తమిళమున 'కణ్', కన్నడమున 'కణ్ణు' అగుచున్నది. ఇవి ద్రావిడభాషలు. ఒడియాలో కంటిని 'ఆఖి' అందురు, హిందీలో 'ఆంఖ్' అందురు. ఇవి సంస్కృతమునందలి 'అక్షి'కి చుట్టములు. సవర ఈ రెండు కుటుంబములకును చెందదు. అది ముండా భాష. దాని బంధువైన ముండారీలో కన్ను 'మెద్'. ఎక్కడనో యున్న వియత్నాము భాషలో 'మత్'. ఇవన్నియు ఆస్ట్రో-ఆసియాటిక్ కుటుంబములోనివి.

ఒక్క మాట పోలినంత మాత్రమున చుట్టరికము సిద్ధింపదు. పెక్కు మాటలలో ధ్వనులు ఒక క్రమముగా సరిపోవలెను. ఇట్లు పోల్చియే ఎల్లిస్ దొర 1816లో తెలుగు సంస్కృతమునుండి పుట్టినది కాదనియు, తమిళ కన్నడములకు సోదరి యనియు నిరూపించెను.

వ్యాకరణము పుస్తకములో పుట్టునని కొందరు తలంతురు. బాలబాలికలారా! మీ చెల్లెలు స్నేహితురాలితో "మేము సంతకు పోవుచున్నాము" అన్నచో, స్నేహితురాలు ఆ లెక్కలో లేదు. "మనము పోదము" అన్నచో ఆమెయు కలదు. ఇంగ్లీషులోను హిందీలోను ఈ రెంటికి ఒకే మాట. ఈ భేదమును మీ చెల్లెలికి ఎవరు బోధించిరి? ఎవరును బోధింపలేదు. విని నేర్చుకొన్నది. భాషయొక్క నియమములు మాటలాడువారి నోటనే యున్నవి. శాస్త్రజ్ఞుడు వాని నాలకించి వ్రాసికొనును.

అట్లు ఆలకించిన మహనీయుడు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. వీరు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగమునకు దగ్గరనున్న పర్వతాలపేటలో జన్మించిరి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండగా, కొండలనుండి వచ్చు సవరల మాట వీరి చెవిని బడినది. ఆ భాషకు అప్పుడు లిపి లేదు, నిఘంటువును లేదు. తెలుగు వచ్చిన సవరను తమ యింట నుంచుకొని, వారు ఒక్కొక్క మాటయే నేర్చిరి.

ఆ భాషలో వింతలెన్నో కలవు. కొన్ని మాటలలో అచ్చు పలుకుచుండగా గొంతు క్షణకాలము మూసికొనును. లెక్కయు వేరు: పదుమూడనగా పండ్రెండును ఒకటియు, ముప్పది రెండనగా ఇరువదియు పండ్రెండును. లిపి లేని భాషకు నియమము లేదనుట ఎంత పొరపాటో దీనివలన తెలియుచున్నది.

పంతులుగారు ఇంతటితో తృప్తి చెందలేదు. తెలియని భాషలో పాఠము వినుచు బిత్తరపోవు సవర బాలునకు చదువెట్లు వచ్చును? అందుచే సవరభాషలో పుస్తకములు వ్రాసి, తమ సొంత ద్రవ్యముతో బడులు పెట్టించిరి. 1931లో వారి సవర వ్యాకరణము, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వెలువడినవి. ఈ నడుమ 1936లో మంగెయి గొమాంగో సవరలకొరకు 'సొరంగ్ సొంపెంగ్' అను లిపిని కల్పించెను. ఆ యేటనే పర్లాకిమిడి ఒడిస్సా రాష్ట్రమున చేరగా పంతులుగారు రాజమహేంద్రవరమునకు తరలిరి. 1940లో కీర్తిశేషులైరి. వారి పుట్టినదినమును నేడు తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నాము.

వాడుకతెలుగునకై పోరాడిన వారుగా వారిని ఎల్లరును ఎరుగుదురు. చదువు బిడ్డ నోటి మాటతో మొదలు కావలెనని వారు తెలుగు బాలునకు కోరినదానినే సవర బాలునకును కోరిరి. మీ తరగతిలో మరియొక భాష మాటలాడు తోటివాడున్నచో అతని యాసకు నవ్వకుడు. "మీ భాషలో కంటిని ఏమందురు?" అని యడుగుడు. భాషాశాస్త్రమున మొదటి పాఠ మదియే.