మెదడు బొమ్మ ఏమి చెబుతుంది?

చేయి విరిగితే ఎక్స్-రేలో కనిపిస్తుంది. మరి మనసు చెదిరితే? గాలి సోకిందనీ, దయ్యం పట్టిందనీ చెప్పేవారు ఇప్పటికీ ఉన్నారు.

ఎక్స్-రే ఫోటోలో పుర్రె ఎముక కనిపిస్తుందిగాని, లోపలి మెత్తని మెదడు విడిగా తెలియదు. ఇంగ్లండు ఇంజనీరు హౌన్స్‌ఫీల్డ్ రూపొందించిన సి.టి. స్కానరు 1971లో ఈ చిక్కు తీర్చింది. అది అనేక దిక్కుల నుంచి ఎక్స్-కిరణాలు పంపి, కంప్యూటరు లెక్కలతో మెదడును పొరలు పొరలుగా చూపుతుంది.

1976లో ఈవ్ జాన్‌స్టన్, ఆమె సహచరులు లండన్‌లో, స్కిజోఫ్రీనియాతో ఏళ్ళ తరబడి బాధపడుతున్న 17 మందికి ఈ పరీక్ష చేశారు. మెదడు మధ్యలో ద్రవం నిండిన గదులుంటాయి. ఆరోగ్యవంతులలో కన్న ఈ రోగులలో అవి సగటున పెద్దవిగా ఉన్నాయి. అనగా వెతకవలసింది దయ్యాన్ని కాదు, మెదడును.

అయితే ఒక్క బొమ్మ చూసి జబ్బు చెప్పవచ్చునా? చెప్పలేము. పదో తరగతి పిల్లల సగటు ఎత్తు తొమ్మిదో తరగతి వారికన్న ఎక్కువే. అంతమాత్రాన ఒక పిల్లవాడి ఎత్తు కొలిచి వాడి తరగతి చెప్పగలమా? ఇదీ అంతే. అందుకే నేటికీ వైద్యులు రోగితోనూ ఇంటివారితోనూ మాట్లాడే మనోవ్యాధిని నిర్ణయిస్తారు. మెదడులో కణితి వంటిది లేదని తేల్చుకోవడానికి స్కానింగు తోడ్పడుతుంది.

తీవ్రమైన దిగులువ్యాధిలో మెదడు ముందు భాగాన ఒక చిన్న ప్రాంతం అతిగా పనిచేయడం హెలెన్ మేబర్గ్ బృందం స్కానింగులో గమనించింది. మందులకు లొంగని ఆరుగురికి అక్కడ సన్నని తీగలతో విద్యుత్తు పంపితే నలుగురికి మేలు జరిగిందని 2005లో ప్రకటించింది. 2017లో వెలువడిన 90 మంది పరీక్షలో మాత్రం, ఆరు నెలలకు, విద్యుత్తు పంపినవారికీ పంపనివారికీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. పరిశోధన సాగుతూనే ఉంది.

ఈలోగా మందులతో, మాటసాయంతో ఎందరో కోలుకుంటున్నారు. మీ తరగతిలో ఎవరి మనసైనా బాగుండకపోతే నవ్వకండి. జ్వరం వస్తే చెప్పినట్లే, డాక్టరుకు చూపించమని పెద్దలకు చెప్పండి.